క్లచ్ మీద కాలు

3 ఆగస్టు, ఆదివారం

ఈ ఉదయం ఏడుంబావుకు, లింగంపల్లిలో కిష్టయ్య షెడ్డు ముందు, పదమూడు మంది వింటుండగా సాయిచంద్ నాతో అన్న మాట: "సార్, ఏమనుకోకుండ్రి. మీ కాలు క్లచ్ మీదనే ఉంటది."

అన్నది అన్నట్టు రాసిపెడుతున్నాను. రేపు అనలేదంటే చూపించడానికి.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. లైసెన్సు కోసం వచ్చినవాడి పక్క సీట్లో కూర్చుని వాడి ముఖం చూసేవాణ్ణి కాదు, ఎడమ పాదం చూసేవాణ్ణి. గేరు మారిన తర్వాత పాదం క్లచ్ దిగి నేల మీదికి రావాలి. రాలేదా, ఫెయిల్. ఎవరి మనిషైనా ఫెయిలే. అందుకు నన్ను మూడుసార్లు బదిలీ చేశారు. చేయించిన ముగ్గురి పేర్లూ పాత డైరీల్లో ఉన్నాయి. ఇద్దరు పోయారు. మూడోవాడి కోసమే నేను రోజూ పొద్దున నడకకు వెళ్తున్నాను.

అలాంటి నా పాదం గురించి ఒక సాఫ్ట్‌వేరు కుర్రాడు మాట్లాడాడు.

విషయం వరసగా రాయాలి. ఈ టిస్కా కారు తయారీ ఆగిపోయి ఆరేళ్ళయింది. పొట్టి బండి, దాని ఒంటికి మించిన ఇంజను. కొన్నప్పుడు నాకు అరవై నాలుగు. ఈ వయసులో కుర్రకారు బండి ఏమిటని మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంటులో నవ్వారు. అందుకని ఎర్ర రంగుది తీసుకున్నాను. ఇప్పుడు నగరం మొత్తంలో నలభై దాకా మిగిలాయి. వాటి యజమానులంతా ఒక గుంపు. దారిలో ఎదురైతే రెండుసార్లు లైట్లు కొట్టుకుంటారు. నేను ఒకసారే కొడతాను. అది చాలు.

బయట సామాన్లు దొరకవు కాబట్టి కిష్టయ్య షెడ్డులో ఒక ఆకుపచ్చ ఇనప అల్మారా పెట్టుకున్నారు. ఎవరికి ఎక్కడ ఏది దొరికినా తెచ్చి అందులో పెడతారు. అవసరమైనవాళ్ళు తీసుకుంటారు. ధర మాట ఎత్తకూడదు. నియమం ఒకటే: అరిగిన పాతదాన్ని అందరి ముందూ బల్ల మీద పెట్టి, ఎందుకు అరిగిందో తన నోటితో తాను చెప్పాలి. తర్వాతే కొత్తది. నేను ఈ గుంపులో చేరింది ఆ అల్మారా కోసం. స్నేహాలకు నా దగ్గర పుస్తకాలున్నాయి.

డిసెంబరులో అందులోంచి తీసుకున్న క్లచ్ ప్లేటు ఎనిమిది నెలలకే పోయింది. కిష్టయ్య విప్పి బల్ల మీద పెట్టాడు. నల్లగా మాడి, అంచుల్లో నీలం తిరిగింది. భవాని కూడా క్లచ్ కోసమే వచ్చింది. ఆమె బండి విప్పనక్కర్లేదు. షెడ్డు ముందు చిన్న ఎత్తు ఎక్కలేక అది పెట్టిన అరుపు అందరూ విన్నారు.

అల్మారాలో ఉన్నది ఒక్కటే సెట్టు. దేశమంతా అడిగాను, ఇంకొకటి లేదు అంటాడు సాయిచంద్. వెతికిపెట్టేది అతనే.

భవాని తన టిస్కాలో కాలనీల ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పుతుంది. తండ్రి రాయదుర్గంలో ఏదో టవర్ దగ్గర సెక్యూరిటీ. ఆమె తన కారణం చెప్పింది: "నేర్చుకునేటోళ్ళ బండి సార్. రోజు పది మంది కాళ్ళు తొక్కుతయి. అరగక ఏమైతది?"

నా వంతు వచ్చింది. ప్లేటులోనే లోపం ఉందన్నాను. అప్పుడన్నాడు సాయిచంద్ ఆ మాట.

వచ్చే ఆదివారం తేలుద్దామన్నారు. నా బండి అంతవరకు క్లచ్ లేకుండా షెడ్డులో స్టాండు మీద ఉంటుంది. ఆ సెట్టు రాకపోతే అది ఇక కదలదు.

తేలుస్తాను.

4 ఆగస్టు

నడక నుంచి తిరిగివచ్చాక తలుపు తీసి మా ఆవిడ సీతాబాయి నా కాళ్ళ వైపు చూసింది. "ఇగో, నీ ఎడమ చెప్పు ఏది?"

లిఫ్టు దగ్గర దొరికింది. ఇవీ కొత్త చెప్పులే. ఈ రోజుల్లో చెప్పులకు పట్టు ఉండటం లేదు. దుకాణం వాణ్ణి అడగాలి.

7 ఆగస్టు

దొరికింది.

సాయిచంద్ గుంపులో పరిచయమైన మొదటి రోజు నవ్వుతూ అన్నాడు: "సార్, గుర్తువట్టలే? నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసిన్రు." నేను పట్టించుకోలేదు. నేను ఫెయిల్ చేసినవాళ్ళు ఒక చిన్న ఊరంత ఉంటారు. ఇప్పుడు అర్థమవుతోంది. ఫెయిలైనప్పటి నుంచి పద్నాలుగేళ్ళు ఆ కోపం కడుపులో పెట్టుకున్నాడు. ఓపికగల మనిషి. పగ తీర్చుకోవడం గురించి నేను చాలా నవలలు చదివాను. చేతకానివాడు తొందరపడతాడు, చేతనైనవాడు ఎదుటివాడి ఆయుధాన్నే ఎత్తుకుంటాడు. నేను అతని పాదం మీద తీర్పు చెప్పాను. అతను నా పాదం మీద చెప్పాడు.

మెచ్చుకోవలసిందే. ఓడించవలసిందే.

10 ఆగస్టు, ఆదివారం

ఆటోలో వెళ్ళాను. షెడ్డు ముందు పదకొండు టిస్కాలు వరసగా ఉన్నాయి. ఇడ్లీ పొట్లాలు విప్పుకుని బానెట్ల మీద పెట్టుకుని తింటున్నారు. నాకూ ఒకటి ఇచ్చారు. తీసుకోకపోతే భయపడ్డాననుకుంటారని తిన్నాను.

"మీరంత చదువుకున్నోళ్ళు," అన్నాను. "సాక్ష్యం లేకుంట మాట అంటరా?"

"మాట కాదు సార్," అన్నాడు సాయిచంద్. "మీ బండి ఎనుక వస్తుంటే వాసన వస్తది. మాడిన వాసన. రెండు నెలల సంది చూస్తున్న."

"ముందల పోయే లారీది కావొచ్చు."

"కావొచ్చు సార్," అన్నాడు వెంటనే. ఇలా వెంటనే ఒప్పుకునేవాళ్ళను నేను నమ్మను.

అప్పుడు నా షరతు చెప్పాను. ఇరవై కిలోమీటర్లు నేను నడుపుతాను. ఇక్కడి నుంచి నల్లగండ్ల మీదుగా గోపన్‌పల్లి, అక్కడి నుంచి రాయదుర్గం మెట్రో. పెడల్స్ దగ్గర ఒక ఫోను కట్టి వీడియో తీయాలి. గేరు మార్చే పని లేనప్పుడు నా పాదం ఒక్కసారి క్లచ్ మీద కనబడినా సెట్టు భవానిది. కనబడకపోతే నాది. సాయిచంద్ ఇదే చోట నిలబడి మాట వెనక్కి తీసుకోవాలి.

"బండేది సారూ?" అన్నాడు కిష్టయ్య. "మీది స్టాండు మీద ఉండె."

"నాది తీస్కోండ్రి," అన్నాడు సాయిచంద్.

ఎవరో నవ్వారు. "సాయీ, నీ క్లచ్ పోతే ఇంకో సెట్టు లేదు మల్ల!"

"ఏం పోదు. సార్ చేతుల పెడితే ఏమైతది?"

ఆ మాటలో వెటకారం ఎక్కడుందా అని ఇంటికి వచ్చి చాలాసేపు వెతికాను. దొరకలేదు. బాగా దాచాడు.

12 ఆగస్టు

వచ్చే ఆదివారం పరీక్షకు షరతులు తెల్ల కాగితం మీద రాసి, ఫొటో తీసి వాట్సాప్ గుంపులో పెట్టాను. తొమ్మిది అంశాలు. అందరూ బొటనవేలు బొమ్మ పంపారు. ఎవరూ చదివినట్టు లేదు. భవాని ఒక్కతే ఆరో అంశం మీద ప్రశ్న అడిగింది. చదివింది.

13 ఆగస్టు

కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయని వేడినీళ్ళ బకెట్టులో పెట్టుకుని చదువుకుంటున్నాను. సీతాబాయి వచ్చి నీళ్ళలో వేలు పెట్టి, చెయ్యి లాక్కుని కేకలు వేసింది. "సలసల కాగుతున్నయి గదయ్యా! నీకు తెలుస్తలేదా?"

ఎడమ బొటనవేలి కింద బొబ్బ. నాకు నొప్పి లేదు. నొప్పి లేదంటే పెద్దది కాదనే కదా. ఆమె దవాఖానకు పోదామంటోంది. ఆదివారం తర్వాత చూద్దామన్నాను.

15 ఆగస్టు

కింద జెండా ఎగరేశారు. లడ్డు తినలేదు.

ఒకటి తిన్నాను.

17 ఆగస్టు, ఆదివారం

గెలిచాను.

వరసగా రాస్తాను.

నాకు వాళ్ళ ఫోను మీద నమ్మకం లేదు. వీడియో సాయిచంద్ ఫోనులో ఉంటుంది. కోయడం, అతకడం వాళ్ళకు చేతి పని. అందుకని సీతాబాయి ఫోను అడిగి తీసుకున్నాను. ఆదివారం ఆమె చెల్లెలు ఫోను చేసే రోజు. కాసేపు గొడవ అయింది. సాయిచంద్ తాళం చేతికివ్వగానే, సీటు సర్దుకుంటున్నానని చెప్పి తలుపు వేసుకుని, స్టీరింగ్ కింద రెండు చుట్లు టేపు వేసి దాన్ని అంటించాను. కాల్స్ రాకుండా చేశాను. డెబ్బై ఒక్క ఏళ్ళకు నా నడుము అంత వంగుతుందని నాకే తెలియదు. తర్వాత సాయిచంద్ వచ్చి తన ఫోను కుడిపక్క తలుపు దగ్గర కట్టాడు. నాది అతనికి కనబడలేదు.

అతను నా పక్కన కూర్చున్నాడు. వెనక భవాని. మిగతావాళ్ళ బండ్లు మా వెనక.

అతని బండి బాగుంది. నా దానికన్నా మెత్తగా ఉంది. ఆ మాట పైకి అనలేదు. గేరు మార్చిన ప్రతిసారీ పాదం దింపాను. దింపానని నాకు స్పష్టంగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంకొకరి పాదంలో చూసినదాన్ని నా పాదంలో మర్చిపోతానా?

నల్లగండ్ల ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ముందు ట్రాఫిక్ ఆగింది. ఎత్తులో ఆపాను. కొద్ది క్షణాల్లో భవాని అరిచింది. "సార్! ఎనుకకు పోతున్నం!"

వెనక ఒక ఆవిడ స్కూటీ మీద, ముందు నిలబెట్టుకున్న చిన్నపిల్ల. మా బండి వాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. ఆపింది సాయిచంద్, చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేకు లాగి. అతని హ్యాండ్‌బ్రేకు వదులుగా ఉన్నట్టుంది, నేను ముందే వేశాను. వేశాననే అనుకుంటున్నాను. బండి బాగు చేయించుకో అని చెప్పాను.

"సరే సార్," అన్నాడు.

రాయదుర్గం మెట్రో కింద ఆపాం. టీ తాగుతూ అందరూ చుట్టూ చేరారు. కిష్టయ్య బానెట్ మీద చెయ్యి పెట్టి గాలి పీల్చి ఏదో అనబోయాడు. సాయిచంద్ పక్కకు వెళ్ళి తన ఫోనులో వీడియో చూశాడు. రెండు మూడు నిమిషాలు చూశాడు. వెనక్కి వచ్చాడు.

"రికార్డ్ కాలే సార్. స్టోరేజ్ ఫుల్."

అందరూ ఉసూరుమన్నారు. "గింత పెద్ద ఉద్యోగం జేస్తవ్, ఫోన్ల జాగ లేదా?" అని ఏడిపించారు. అతను తల దించుకుని నవ్వాడు. ఎవరినీ చూడకుండా అన్నాడు: "నేను పక్కనే ఉన్న గదా. సార్ కాలు మంచిగనే ఉన్నది. నా మాట వాపస్ తీస్కుంటున్న."

సెట్టు నాది.  షెడ్డుకు తిరిగివచ్చాక భవానే అల్మారా తెరిచి డబ్బా తీసి నా చేతుల్లో పెట్టింది. "మంచిగ వాడుకోండ్రి సార్," అంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అదొక్కటే కొంచెం ఇబ్బంది పెట్టింది.

నేను గెలిచింది అందరూ చూస్తారని వీడియో తుడిచేసి ఉంటాడు. నా దగ్గర రెండోది ఉందని అతనికి తెలియదు. రేపు అది చూసి, అందరికీ పంపుతాను. మాట వాపస్ తీసుకుంటే సరిపోదు. నిజం కళ్ళతో చూడాలి.

18 ఆగస్టు

చూశాను.

19 ఆగస్టు

స్టీరింగ్ కింద నుంచి తీసిన వీడియో. కోణం సరిగా లేదు. పెడల్‌కూ పాదానికీ మధ్య ఎడం ఉన్నా లేనట్టు కనబడవచ్చు.

20 ఆగస్టు

మళ్ళీ చూశాను.

కిష్టయ్య ఫోను చేశాడు, క్లచ్ ఎప్పుడు బిగించాలని. పని ఉంది, తర్వాత చెప్తానన్నాను. నాకు ఏ పనీ లేదు.

22 ఆగస్టు

ఆత్మకథలు చాలా చదివాను. తన తప్పు ఒప్పుకునే చోటికి రాగానే ప్రతివాడి వాక్యమూ పొడవు అవుతుంది. నేను చిన్నగా రాస్తాను.

వీడియో నలభై ఆరు నిమిషాలు. అందులో నా ఎడమ పాదం ముప్పై ఎనిమిది నిమిషాలు క్లచ్ మీద ఉంది.

గేరు మారుస్తాను. పాదం దిగుతుంది. నాలుగైదు క్షణాలకు దానంతటదే లేచి మళ్ళీ పెడల్ మీద కూర్చుంటుంది. ఎవరిదో పాదంలా. బూటు నాది, మేజోడు నాది. ఫ్లైఓవర్ మీద, వెనకున్న పిల్ల వైపు బండి జారుతున్నప్పుడు, పాదం క్లచ్‌ను నేల దాకా తొక్కి ఉంది. అంతవరకు హ్యాండ్‌బ్రేకు వేసిన చప్పుడే లేదు. భవాని అరుపు వినబడుతుంది. తర్వాత నా గొంతు: "బండి బాగు చేయించుకో."

ఆ మాట నాలుగుసార్లు విన్నాను.

సాయిచంద్ ఫోను కూడా అవే పెడల్స్ వైపు ఉంది. అతను ఇదే చూశాడు. చూసి స్టోరేజ్ ఫుల్ అన్నాడు. పద్నాలుగేళ్ళు కాచుకున్నవాడు చేతికి చిక్కినదాన్ని అలా వదులుకోడు. అంటే కాచుకోలేదు. నాలుగు రోజులుగా ఇంకో వివరణ కోసం చూస్తున్నాను. లేదు.

నన్ను కాపాడాడు. ఇది నేను సహించలేను.

నా మర్యాద కోసం ఒక అబద్ధం, నా క్లచ్ కోసం భవాని రోజువారీ పని. ఇంత ఖరీదైన జాలి నాకు అక్కర్లేదు.

23 ఆగస్టు

సీతాబాయికి చూపించాను. ఆమె వంటింట్లోకి వెళ్ళి, తిరిగివచ్చి, కింద కూర్చుని నా ఎడమ పాదం ఒళ్ళో పెట్టుకుని బొబ్బకు మందు రాసింది. రాస్తున్నట్టు చూస్తేనే తెలిసింది.

"ఎప్పటి సంది?" అంది.

చెప్పులు జారుతున్నప్పటి నుంచి అన్నాను.

"అంటే ఉగాది ముందల నుంచి," అంది. లెక్క ఆమె దగ్గరుంది.

25 ఆగస్టు

డాక్టర్ ప్రియదర్శిని. చిన్న వయసు, గుంటూరు వైపు మాట. పద్దెనిమిదేళ్ళ షుగరు అని వినగానే బూట్లు విప్పించింది. ఒక ఇనప ఫోర్కు మోగించి బొటనవేలి మీద పెట్టింది.

"అదురు ఆగిపోయినప్పుడు చెప్పండి సార్."

"ఇప్పుడు," అన్నాను.

నా వైపు చూసింది. "చెవితో వింటున్నారు కదూ?"

విన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఇలాంటి తెలివి చూపించిన ప్రతివాణ్ణీ పట్టుకున్నాను. నేను దొరికిపోవడానికి అర నిమిషం పట్టింది.

"సరే, కళ్ళు మూసుకోండి. సన్న దారంలాంటిది అరికాలికి తాకిస్తాను. తగిలినప్పుడల్లా చెప్పండి."

కళ్ళు మూసుకున్నాను. గోడ గడియారం చప్పుడు. బయట ఎవరి టోకెనో పిలిచారు. చాలాసేపు ఆగాను.

"మొదలుపెట్టమ్మా," అన్నాను.

"అయిపోయిందండి," అంది.

కుడి పాదం కొంత నయం. ఎడమది పూర్తిగా లేదు. నరాలు. తిరిగి వస్తాయా అని అడిగాను. ఉన్నవాటిని కాపాడుకోవడమే అంది. డ్రైవింగ్ గురించి ఆమె మొదలుపెట్టకముందే, నాకు తెలుసు అన్నాను.

26 ఆగస్టు

దరఖాస్తుదారు: వీరేశం. వయసు: 71. వాహనం: మోటారు కారు. పరీక్షించినవారు: వీరేశం.

ఫలితం: ఫెయిల్.

29 ఆగస్టు

"ఇగ ఆదివారాలు ఇంట్లనే కూసుంటవా?" అంది సీతాబాయి. సంతోషమా, భయమా తెలియలేదు.

లేదన్నాను. ఈ ఆదివారం తప్పకుండా వెళ్ళాలి.

31 ఆగస్టు, ఆదివారం

నేను వెళ్ళేసరికి పది బండ్లు వచ్చి ఉన్నాయి. డబ్బా చంకలో పెట్టుకుని నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి కుర్చీ అడిగాను. కూర్చున్నాను. ఎడమ చెప్పు విడిచి, రెండు చేతులతో మోకాలు పట్టి ఎత్తి, పాదాన్ని బల్ల మీద పెట్టాను. ఇడ్లీ పొట్లాలు పక్కకు జరిపారు.

"ఇదేంది సారూ?" అన్నాడు కిష్టయ్య.

"మీ రూలే. పాతది బల్ల మీద పెట్టి కారణం చెప్పాలె గదా? అరిగింది ఇది. క్లచ్ కాదు. పద్దెనిమిదేళ్ళ షుగరు. ఎక్కడ పెట్టిననో నాకు తెల్వది. దీనికి మీ అల్మారాల స్పేరు లేదు."

 బొబ్బ మానిన చోట చర్మం ఊడి ఎర్రగా ఉంది. అందరూ అటే చూశారు. చూడనిచ్చాను. నేను అందరి పాదాలూ చూసినవాణ్ణి.

డబ్బా భవాని ముందు పెట్టాను. "నీది విప్పు. బల్ల మీద పెట్టు. ఇది తీసుకో."

"సార్, మీ బండి..."

"నా బండి కూడా విప్పుతరు. లైట్లు, అద్దాలు, గేరు పెట్టె, ఎవరికి ఏది గావాలంటే అది. కిష్టయ్యా, అన్నీ అల్మారాల పెట్టు. నలభై బండ్లు ఇంకో నాలుగేండ్లు నడుస్తయి."

కిష్టయ్య స్టాండు మీదున్న నా ఎర్ర బండి వైపు చూశాడు. "గంత పానం పెట్టుకున్న బండి సారూ. జర ఆలోచించుండ్రి."

"ఆలోచించినంక వచ్చిన."

అప్పుడు సాయిచంద్ వైపు తిరిగాను. సీతాబాయి ఫోను తీసి అతని చేతిలో పెట్టాను. పెడల్స్, బూటు, ఫ్లైఓవర్. అర నిమిషం చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరు ఇంకో ఫోన్ పెట్టిన్రా సార్?"

"నువ్వు మోసం జేస్తవని పెట్టిన. జేసినవ్ గదా."

నవ్వు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. అతను కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. అడిగాను: "ఎందుకు అబద్ధం ఆడినవ్?"

ఫోను అటూ ఇటూ తిప్పాడు. "మీరు నన్ను రెండోసారి ఫెయిల్ చేసినంక ఒక చెట్టు కింద కూసున్న సార్. ఏడుస్తున్న. జాబ్ ఇంటర్వ్యూ ఉండె, లైసెన్స్ అడిగిన్రు. మీరు అన్నం డబ్బా పట్టుకుని అటు వచ్చిన్రు. తినకుంట నన్ను తీస్కపోయి, ఆగి ఉన్న జీపుల కూసోవెట్టి, పాదం ఎట్ల దించాలె, ఎట్ల ఎత్తాలె, అర్ధగంట చూపించిన్రు. మూడోసారి మీరే పాస్ చేసిన్రు."

నాకు గుర్తు లేదు. నేను అలాంటి పని చేసి ఉండను. ఇంకే ఇన్‌స్పెక్టరునో చూసి నేననుకుంటున్నాడు. అదే చెప్పాను.

"సరే సార్," అన్నాడు, వెంటనే.

"అది సరే. ఆ రోజు ఫ్లైఓవర్ మీద చిన్న పిల్ల ఉండె. నువ్వు నా ఇజ్జత్ కాపాడినవ్. మళ్ళ ఆదివారం నేను అట్లనే ఎక్కి నడుపుతుంటి. ఆ పిల్ల సంగతి ఏంది?"

అతని ముఖంలో నవ్వు పోయింది. "తప్పయింది సార్," అన్నాడు. ఈసారి వెంటనే అనలేదు. నమ్మాను.

అప్పుడు నా రెండో కాగితం తీశాను. ఈసారి తొమ్మిది కాదు, ఒకటే అంశం. గుంపులో ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి నా పక్కన నడపాలి. ఎడమ సీట్లో నేను. నా కళ్ళకు శుక్లం ఆపరేషన్ అయింది, బాగా కనబడతాయి. నా పాదం నాకు తెలియకపోవచ్చు. మీ పాదాలు నాకు తెలుస్తాయి. ఫెయిలైనవాడికి ఆ ఏడు అల్మారా తెరవబడదు, పాసయ్యే దాకా.

"ఒప్పుకుంటరా?" అన్నాను.

బొటనవేలు బొమ్మలు కాదు, చేతులు ఎత్తారు. భవాని రెండు చేతులూ ఎత్తింది. "ఫస్ట్ సాయిచంద్ అన్నతోని మొదలువెట్టుండ్రి సార్!"

అదే నా ఉద్దేశం.

పాదాన్ని బల్ల మీంచి దించుకోవడానికి చేయి కావలసి వచ్చింది. పట్టుకున్నది ఎవరో చూడలేదు.

3 సెప్టెంబర్

కిష్టయ్య హెడ్‌లైట్లు విప్పాడని ఫొటో పంపాడు. నా బండి ముఖంలో రెండు గుంటలు. చూసి పక్కన పెట్టాను. మధ్యాహ్నం మళ్ళీ తీసి చూశాను.

సాయంత్రం రోహిత్ అనే కుర్రాడు మెసేజ్ పెట్టాడు. అతని టిస్కాకు కుడి లైటు నెలల తరబడి లేదట. "సార్, మీ కన్నుతోని చూస్తున్న ఇగ," అని రాశాడు. జవాబు ఇవ్వలేదు.

ఇచ్చాను. లైటు కొంచెం కిందికి దించుకో, ఎదుటివాళ్ళ కళ్ళలో కొడుతుంది అని.

7 సెప్టెంబర్, ఆదివారం

ఉదయం ఆరున్నర. రాయదుర్గం నుంచి గోపన్‌పల్లి, నల్లగండ్ల ఫ్లైఓవర్ మీదుగా లింగంపల్లి. డ్రైవరు సాయిచంద్. పక్కన నేను, ఒళ్ళో అట్ట, కాగితం, పెన్సిలు. సీతాబాయి మడమకు పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చింది. అవి జారవు.

బండి బాగా నడుపుతాడు. తొందర లేదు. గేరు చప్పుడు లేకుండా పడుతుంది. పద్నాలుగేళ్ళ కింద ఎవరో మంచిగా నేర్పారు.

ఫ్లైఓవర్ మీద ఎదురుగా పసుపు రంగు టిస్కా. భవాని. స్టీరింగ్ దగ్గర ఎవరో పెద్దావిడ, బిగుసుకుపోయి కూర్చుని ఉంది. బండి ఎత్తు ఎక్కుతోంది, అరవకుండా.

"కొట్టు," అన్నాను.

ఒకసారి కొట్టాడు, నా అలవాటు తెలిసి.

"రెండుసార్లు," అన్నాను.

ఆ కాస్త సంబరంలో అతని పాదం క్లచ్ మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. లెక్కపెట్టాను. పెన్సిలు కదలడం చూసి ఉలిక్కిపడ్డాడు.

"సార్! రెండు సెకండ్లే!"

"నాలుగు."

"జర స్టోరేజ్ ఫుల్ అయిందనుకోండ్రి సార్."

"నాది కాలే," అన్నాను.

లింగంపల్లిలో దిగాక కాగితం అందరి ముందూ చదివాను. అసలు ప్రతి అతనికిచ్చాను, ఇది నకలు.

దరఖాస్తుదారు: సాయిచంద్. వయసు: 34. వాహనం: టిస్కా. పరీక్షించినవారు: వీరేశం. గేర్లు: బాగు. చూపు: బాగు. ఎత్తులో ఆపుట, కదుపుట: చాలా బాగు. ఎడమ పాదం: నాలుగు క్షణాలు.

ఫలితం: ఫెయిల్. మూడోసారి.

వచ్చే ఆదివారం ఆరున్నరకు హాజరు కావలెను. ఇడ్లీలు అభ్యర్థి తేవలెను.